పోస్టుమేన్ దగ్గర మా ఆవిడ సంతకం పెడితే నోటీసు నాకు అందినట్టేనా?

చీరలకొట్టు_0680
బరంపురంలో చిన్న చీరల కొట్టు నాది. సరుకిచ్చే హోల్‌సేల్ ఆయనకి సెక్యూరిటీ కింద తేదీ వెయ్యకుండా 1,80,000కి ఒక చెక్కు రాసిచ్చాను. మధ్యలో మాటా మాటా వచ్చింది, ఆయన దాని మీద తేదీ వేసి బ్యాంకులో పడేశాడు, చెక్కు బౌన్సయింది. ఆ టైములో నేను ఊళ్ళో లేను, సూరత్‌లో మా అన్నయ్య వాళ్ళింట్లో మూడు వారాలు ఉండిపోయాను. కార్తీక పౌర్ణమి మర్నాడు, అంటే నవంబరు 6న, పోస్టుమేన్ వచ్చి లాయరు నోటీసు మా ఆవిడ చేతిలో పెట్టి, తన ఫోను మీద వేలితో సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. మా ఆవిడది ఇచ్ఛాపురం, తెలుగు తప్ప చదవలేదు, నోటీసేమో ఇంగ్లీషు. ఏదో బ్యాంకు కాగితం అనుకుని బియ్యం డబ్బా మీద పెట్టింది. దాని మీద కరెంటు బిల్లు, దాని మీద ఎవరిదో పెళ్ళి కార్డు. నేను 24న ఇంటికొచ్చి పెళ్ళి ఎవరిదా అని కార్డు తీస్తే కింద ఇది బయటపడింది.

నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టాలని అందులో ఉంది. 6 నుంచి లెక్కేస్తే 21కే గడువైపోయింది. కవరు మీద పేరు నాది, సంతకం ఆవిడది. చట్టం లెక్కలో ఇది నాకు అందినట్టా, కాదా? రెండ్రోజులుగా నిద్ర లేదు, ఇంట్లో మాటల్లేవు.

గుణుపురం_గోపి
అందినట్టే అన్నా. మా ఇంట్లో జీతం కూడా అలాగే అందుతుంది, పేరు నాది, తీసుకునేది ఆవిడ.

నల్లకోటు_జూనియర్
గోపి గారి లెక్క జీతానికి సరిపోతుంది గానీ చెక్కు కేసులో అంత తేలిక కాదు. సరిగ్గా ఇదే పాయింటు మీద 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఎం.డి. థామస్ కేసు. నోటీసు ముద్దాయి భార్యకి అందింది, ముద్దాయికి కాదు. చెక్కు బౌన్సు కేసులకి వాడే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ అడిగిన నోటీసు ఇచ్చినట్టు కాదని చెప్పి ఆయన్ని వదిలేశారు. కాబట్టి మీకు ఒక దారి ఉంది, కంగారు పడకండి.

చీరలకొట్టు_0680
హమ్మయ్య. అయితే కేసు నిలబడదా?

పర్లాకిమిడి_పంతులు
ఆగండాగండి. జూనియర్ గారు సగమే చెప్పారు. అంతకు రెండేళ్ళ ముందు, 2007లో, అలవి హాజీ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది కూడా చదవాలి. సరైన అడ్రసు రాసి, స్టాంపు ఖర్చు కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అది మామూలుగా చేరాల్సిన రోజుకి చేరినట్టే అనుకుంటారు. జనరల్ క్లాజెస్ చట్టం, 1897 నాటిది, 27వ సెక్షన్. చేరలేదని నిరూపించుకోవాల్సిన బరువు మీ నెత్తిన పడుతుంది. పైగా ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. నాకు నోటీసే అందలేదు అనేవాడు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేసి ఆ మాట అనాలి. కట్టకుండా కూర్చుని, నోటీసు నా చేతికి రాలేదు అంటే వినరు.

నల్లకోటు_జూనియర్
నిజమే, సగం చెప్పాను. థామస్ తీర్పు చాలా చిన్నది, దాన్ని నమ్ముకుని గట్టిగా వాదిస్తే అవతలి లాయరు అలవి హాజీ తీసి బల్ల మీద పెడతాడు. ముగ్గురు జడ్జీల మాటకే మేజిస్ట్రేటు మొగ్గుతాడు.

చీరలకొట్టు_0680
పది నిమిషాల సంతోషం.

పాత_పోస్టుమాస్టర్
32 ఏళ్ళు తపాలా శాఖలో చేసి దిగాను, అందులో ఎక్కువ కాలం గంజాం, గజపతి జిల్లాల్లోనే. మా వైపు నుంచి చెప్తాను. రిజిస్టర్డ్ పోస్టు అంటే మనిషికి ఇవ్వాల్సింది, స్పీడ్ పోస్టు అంటే ఇంటికి ఇవ్వాల్సింది. రిజిస్టరీ అయితే కవరు మీద పేరున్న మనిషికి గానీ, ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్న మనిషికి గానీ ఇవ్వాలి. స్పీడ్ పోస్టు ఆ అడ్రసులో ఉన్నవాళ్ళకి ఎవరికైనా ఇస్తారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, ఇప్పుడు పేరున్న మనిషికే ఇవ్వాలంటే పంపేవాడు రిజిస్ట్రేషన్ అని పైన 5 రూపాయలూ జీఎస్టీ కట్టాలి. ఓటీపీ చెప్తేనే ఇచ్చే పద్ధతి కూడా ఉంది, దానికీ ఇంకో 5. కాబట్టి మీ కవరు మీద రిజిస్ట్రేషన్ ఉందా లేదా చూడండి.

ఇదంతా రూలు. వీధిలో జరిగేది వేరు. ఏ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో పోస్టుమేన్‌కి తెలుసు. మధ్యాహ్నం ఎండలో మూడో అంతస్తు ఎక్కి, ఆయన లేడమ్మా అంటే, మీరు సంతకం పెట్టండమ్మా అంటాడు. నేనూ అలాగే ఇచ్చాను, అబద్ధం ఎందుకు. ఒకే ఒక్కసారి రూలు ప్రకారం భార్యకి ఇవ్వనన్నాను, ఆవిడ సాయంత్రం ఆఫీసుకొచ్చి, పదిహేనేళ్ళ నుంచి మా ఇంట్లో మజ్జిగ తాగుతున్నావు, నేను ఆయన భార్యనో కాదో నీకు తెలీదా అని అందరి ముందూ నిలదీసింది. ఆ తర్వాత మళ్ళీ ఆ సాహసం చెయ్యలేదు.

గుణుపురం_గోపి
మజ్జిగే సాక్ష్యం.

సిరొంచ_సీను
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, గోదావరి దాటితే తెలంగాణ. ఇక్కడ నేను వేరే వైపు మనిషిని, అంటే నోటీసు పంపినోణ్ణి. బల్లార్‌పూర్‌లో మా నాయనకి ఒక షాపు ఉంది, కిరాయిదారు ఏడు నెలలు కిరాయి ఎగ్గొట్టిండు. మహారాష్ట్రల కిరాయి కట్టనోణ్ణి ఖాళీ చేయించాలంటే ముందు నోటీసు ఇయ్యాలె, ఇచ్చినంక 90 రోజులు ఆగాలె. నోటీసు ఆయన భార్య తీసుకుంది. కోర్టుల, నాకు అందలేదు అన్నడు. మా వకీలు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ చట్టం 106వ సెక్షన్ చూపించిండు. అందుల సాఫ్‌గ రాసి ఉంది, ఇంట్ల ఆయన కుటుంబంలోని మనిషికి గానీ, పనిమనిషికి గానీ ఇచ్చినా నడుస్తది అని. వాదన రెండు నిమిషాల్ల అయిపోయింది. షాపు ఖాళీ అయ్యేసరికి మాత్రం నాలుగేండ్లు పట్టింది.

ఉత్త_పాఠకుడు
పనిమనిషికి ఇచ్చినా చాలా?? అయితే నేను ఇప్పుడే మా రత్తాలుకి చెప్పాలి ఏదీ తీసుకోవద్దని.

పర్లాకిమిడి_పంతులు
అక్కడే తిరకాసు. ఏ చట్టం కింద వచ్చిన కాగితమో దాన్ని బట్టి మారుతుంది. అద్దె నోటీసుకి పనిమనిషి చాలు. సివిల్ కోర్టు సమన్లకి పనిమనిషి చాలదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 15లో, మనిషి ఇంట్లో లేక ఇప్పట్లో దొరికే సూచన లేకపోతే, తనతో కలిసి ఉంటున్న పెద్ద వయసు కుటుంబ సభ్యులెవరికైనా ఇవ్వవచ్చని ఉంది, ఆడైనా మగైనా. నౌకరు కుటుంబ సభ్యుడు కాడని కిందనే వివరణ కూడా ఇచ్చారు. ఇవన్నీ ఒకే మూటలో కట్టకండి. చీరలకొట్టు గారిది ఇంకా కోర్టు కాగితం కాదు, లాయరు నోటీసు.

జయపురం_టీచరమ్మ
ఆడైనా మగైనా అన్న మాట చూసి నవ్వొచ్చింది. సివిల్ వైపు అది 1976 సవరణతో వచ్చింది. క్రిమినల్ వైపు సంగతి తెలుసా? పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 64వ సెక్షన్‌లో మనిషి దొరక్కపోతే సమన్లు ఇంట్లో వయసొచ్చిన మగవాడికే ఇవ్వాలి. 2024 జూలై 1న కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ అమల్లోకి వచ్చాక, 66వ సెక్షన్‌లో, ఆ మగ అన్న మాట తీసేశారు. మా వారి మీద ఏదో సాక్షి సమన్లు వచ్చాయి ఒకసారి, అంతకు ముందే, 2021లో. వచ్చిన కానిస్టేబుల్ నన్ను చూసి, ఇంట్లో మగాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా అన్నాడు. లోపల 19 ఏళ్ళ మా వాడు, మధ్యాహ్నం పన్నెండింటికి ఇంకా పళ్ళు తోముకోలేదు, వాడిని లేపి వాడి చేత సంతకం పెట్టించుకున్నాడు. నేను అప్పటికి 22 ఏళ్ళుగా స్కూల్లో పాఠాలు చెప్తున్నదాన్ని. వాడు ఆ కాగితం మీద ఫోను ఛార్జింగు పెట్టుకున్నాడు, మా వారికి చెప్పింది నేనే.

ఇంకో సంగతి చీరలకొట్టు బాబూ. ఇంట్లో మాటల్లేవు అని రాశారు. ఇంగ్లీషు కాగితం చదవలేని మనిషి చేతిలో పెట్టి వెళ్ళింది పోస్టుమేన్. తేదీ లేని చెక్కు రాసిచ్చింది మీరు. మరి మాటలు మానేసింది ఎవరి మీద?

చీరలకొట్టు_0680
అమ్మా, తప్పే. నేను మానెయ్యలేదు, ఆవిడే మానేసింది. నేను మొదటి రోజు గట్టిగా అరిచాను, అదీ సంగతి.

ఎర్రబస్సు
ఫోను మీద వేలితో పెట్టిన సంతకం అన్నారు కదా. అది ఎవరిదో ఎలా తేల్చుతారు? నాది పెడితే వానపాము పాకినట్టు ఉంటుంది, మా అమ్మది పెట్టినా అంతే. ఆవిడ పెట్టలేదు అని ఒక్క ముక్క అనేస్తే సరి కదా.

పాత_పోస్టుమాస్టర్
ఎర్రబస్సు గారూ, ఆ సలహా ఇవ్వకండి. పోస్టుమేన్‌ని సాక్షిగా పిలుస్తారు, ఆయన ఆ వీధిలోనే రోజూ తిరుగుతాడు, ఫలానా రోజు ఫలానా ఇంట్లో ఫలానా ఆవిడకి ఇచ్చాను అంటాడు. అప్పుడు మీరు భార్య చేత కోర్టులో అబద్ధం ఆడించాల్సి వస్తుంది.

నల్లకోటు_జూనియర్
ఇంకో చిక్కు. ఇక్కడ ఆయన స్వయంగా పబ్లిక్‌గా రాశారు ఆవిడే తీసుకుంది అని :)

పాతపట్నం_పద్మ
భార్య తీసుకోవడం గురించే మాట్లాడుతున్నారు, భార్యకి వచ్చింది వేరేవాళ్ళు తీసుకుంటే? మా చిన్నమ్మ కూతురు సంగతి చెప్తాను. అత్తవారిది రాయగడ. గొడవలై పాతపట్నం పుట్టింటికి వచ్చేసి అప్పటికి ఏడాది. అబ్బాయి రాయగడలో విడాకుల కేసు వేసి, ఈ పిల్ల అడ్రసు అంటూ తన ఇంటి అడ్రసే ఇచ్చాడు. సమన్లు వెళ్ళాయి, మరిది తీసుకుని, వదినకి ఇస్తాను అని సంతకం పెట్టాడు. ఈ పిల్ల కోర్టుకి రాలేదు అని ఎక్స్‌పార్టీగా, అంటే ఒక పక్షం మాటే విని, విడాకుల డిక్రీ ఇచ్చేశారు. వీళ్ళకి తెలిసింది ఎప్పుడో తెలుసా, అబ్బాయికి రెండో పెళ్ళి అని పర్లాకిమిడిలో శుభలేఖ కనబడ్డాక.

పర్లాకిమిడి_పంతులు
ఆ డిక్రీ కొట్టేయించారా? కొట్టేయించవచ్చు. పైన నేను రాసిన రూల్లో తనతో కలిసి ఉంటున్న అన్న మాట ఊరికే లేదు. ఆ మరిది ఈ అమ్మాయితో కలిసి ఉండట్లేదు, పైగా అవతలి పక్షం మనిషి. ఆర్డర్ 9 రూల్ 13 కింద అర్జీ వెయ్యాలి, సమన్లు సరిగా అందనప్పుడు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు టైము.

పాతపట్నం_పద్మ
వేశారు, శుభలేఖనే రుజువుగా పెట్టి, ఇదిగో మాకు తెలిసిన తేదీ అని. ఆ డిక్రీ కొట్టేశారు. కేసు మళ్ళీ మొదటి నుంచి నడుస్తోంది. పిల్ల ఇప్పుడు ప్రతి వాయిదాకీ వెళ్తోంది.

న్యూజెర్సీ_బావ
మాది జయపురం, ఇప్పుడు అమెరికాలో. ఇక్కడ దీన్ని సర్టిఫైడ్ మెయిల్ అంటారు, అదనంగా కడితే సంతకం పెట్టిన రసీదు పచ్చ కార్డు రూపంలో వెనక్కి వస్తుంది. ఆ అడ్రసులో ఎవరు సంతకం పెట్టినా ఇచ్చేస్తారు, కార్డు మీదే అడ్రసీనా, ఏజెంటా అని రెండు గడులుంటాయి. పేరున్న మనిషికే ఇవ్వాలంటే రెస్ట్రిక్టెడ్ డెలివరీ అని పంపేవాడు అదనంగా కట్టాలి, మీ 5 రూపాయల కథే. ఫెడరల్ కోర్టు సమన్లయితే ఇంట్లో కలిసి ఉంటున్న, తగిన వయసూ వివేకమూ ఉన్న మనిషి చేతికి ఇస్తే చాలు.

గుణుపురం_గోపి
వివేకం అని రాశారా? అయితే మా ఇంట్లో నాకు ఇవ్వరు.

చీరలకొట్టు_0680
అందరికీ దండం. ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి. కవరు చూశాను, రిజిస్ట్రేషన్ అనే ముద్రేమీ లేదు, ఉత్త స్పీడ్ పోస్టే. సూరత్ రైలు టికెట్లు ఉన్నాయి, 24న దిగినట్టు. నోటీసు 24నే చూశాను అని జవాబు రాసెయ్యనా?

నల్లకోటు_జూనియర్
రాసే ముందు ఆలోచించండి. జవాబు రాశారంటే నోటీసు అందింది అని మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత థామస్ కేసు వాదన ఇక పనికిరాదు.

పర్లాకిమిడి_పంతులు
ఆ వాదన పనికొచ్చేది ఎప్పుడు? రెండు మూడేళ్ళ తర్వాత, ట్రయల్లో, అదీ నెగ్గితే. అప్పటిదాకా వాయిదా వాయిదాకీ కొట్టు మూసుకుని కోర్టు వరండాలో నిలబడాలి. మధ్యలో అదే చట్టం 143ఏ సెక్షన్ కింద చెక్కు మొత్తంలో 20 శాతం దాకా ముందే కట్టమని కూడా కోర్టు అనవచ్చు. ఓడితే రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కుకి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. నా మాట వినండి. తేదీలు చూడండి. 6న అందిందనుకుంటే 21తో గడువు ముగిసింది, 22 నుంచి ఆయనకి నెల రోజులు టైము కేసు వెయ్యడానికి. అంటే డిసెంబరు మూడో వారం దాకా. ఇంకా వేసినట్టు లేదు. బాకీ నిజమైతే ఇప్పుడే బ్యాంకు ద్వారా కట్టి, ఆ కాగితంతో పాటు జవాబు పంపండి, చెక్కు వెనక్కి ఇమ్మనండి. 24న చూశాను, చూసిన 15 రోజుల్లోపే కట్టాను అంటే మీ వైపు నిజాయితీ కనబడుతుంది. ఇంతకీ బాకీ ఉందా లేదా, అది మీరు ఇప్పటిదాకా చెప్పలేదు.

చీరలకొట్టు_0680
ఉంది గానీ 1,80,000 కాదు. చెక్కు ఇచ్చాక ఆగస్టులో 45,000 ఫోన్‌పేలో పంపాను. అంటే ఉండాల్సింది 1,35,000. ఆయన మొత్తం 1,80,000 కీ చెక్కు వేశాడు, నోటీసు కూడా అంతకే ఇచ్చాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

నల్లకోటు_జూనియర్
అయ్యా!! ఇది మొదటి పోస్టులో రాయాల్సింది. మూడు రోజుల నుంచి సంతకం ఎవరిదని కొట్టుకుంటున్నాం. చెక్కు ఇచ్చిన తర్వాత కొంత కట్టి ఉంటే, ఆ సంగతి చెక్కు మీద రాయించకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే, ఆ రోజుకి ఆ చెక్కులో ఉన్న అంకె మీ నిజమైన బాకీ కాదు, 138 వర్తించదు అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆవిడ సంతకం కంటే ఇది వంద రెట్లు గట్టి పాయింటు. ఆ 45,000 ఈ బాకీకేనని చూపించగలరా?

చీరలకొట్టు_0680
పంపినప్పుడు పాత బాకీ అని రాసి పంపాను. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు వాట్సాప్‌లో.

ఎర్రబస్సు
ఆ వేలుకి ఏ సెక్షనో మరి.

నల్లకోటు_జూనియర్
నవ్వకండి, అది కూడా దాచుకోవాలి. చాట్ తుడిచెయ్యకండి, ఫోను మార్చకండి, స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో తీసుకోండి. ఇక్కడితో ఆపి ఊళ్ళో ఒక లాయరుకి ఈ కాగితాలన్నీ చూపించండి. జవాబు ఆయన చేత రాయించండి, మీరు సొంతంగా వాట్సాప్‌లో ఏమీ రాయకండి.

సిరొంచ_సీను
ఒక్క ముచ్చట. నోటీసు పంపినోనికి కూడా భయం ఉంటది అన్నా, ఖర్చు ఉంటది. మా కిరాయిదారు మొదట్ల సగం తెచ్చి ముందట పెట్టి ఉంటే మేము కోర్టుకి పోయెటోళ్ళమే కాదు. మధ్యన పెద్దమనిషిని ఎవరినన్న పంపు.

చీరలకొట్టు_0680
అప్‌డేట్ ఇస్తున్నాను, డిసెంబరు 2. లాయరుకి చూపించాను. కవరు కూడా పక్కన పెట్టేసి స్టేట్‌మెంటే చూశారాయన. 1,35,000 బ్యాంకు ద్వారా వేసి, 45,000 లెక్క చూపించి జవాబు పంపించారు. నిన్న బజారు సంఘం పెద్దాయన మధ్యలో కూర్చుని మాట్లాడారు. హోల్‌సేల్ ఆయన ఆగస్టు డబ్బు మర్చిపోయానన్నాడు, మర్చిపోయాడో లేదో ఆ పైవాడికే తెలియాలి. చెక్కు వెనక్కి ఇచ్చాడు, మొత్తం ముట్టింది అని కాగితం మీద రాసిచ్చాడు. లాయరు ఫీజు, ఆయన ఖర్చులు కలిపి పద్నాలుగు వేలు నాకు పడింది.

జయపురం_టీచరమ్మ
మంచిది. ఇంట్లో?

చీరలకొట్టు_0680
మాట్లాడుతోందమ్మా. ఇంక పోస్టుమేన్ వస్తే తలుపే తియ్యను, వద్దు పొమ్మంటాను అంటోంది.

పాత_పోస్టుమాస్టర్
వద్దని మాత్రం చెప్పొద్దనండి! కవరు మీద రెఫ్యూజ్డ్ అని రాసి వెనక్కి పంపుతారు, కోర్టు లెక్కలో అది తీసుకున్నట్టే. తీసుకుని, వెంటనే మీకు ఫోటో తీసి పంపమనండి.

చీరలకొట్టు_0680
ఆ పద్ధతే పెట్టాం. నిన్న మధ్యాహ్నం ఒక ఫోటో వచ్చింది, గుండె ఆగినంత పనైంది. గ్యాసు ఏజెన్సీ వాళ్ళ కాగితం.

ఉత్త_పాఠకుడు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, మా నాన్నగారు పోయి రెండేళ్ళయింది, ఆయన పేరు మీద బ్యాంకు నుంచి ఇవాళ స్పీడ్ పోస్టు వచ్చింది, అమ్మ సంతకం పెట్టి తీసుకుంది. ఇదెవరికి అందినట్టు?

పర్లాకిమిడి_పంతులు
దానికి వేరే చర్చ మొదలుపెట్టు నాయనా, కవరు ఫోటో పెట్టు, అకౌంటు నంబరు కనబడకుండా చూసుకో.